సినిమాను మధ్యలో ఆపే మనిషి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా టీమ్ లీడ్ ఆదివారాలు మమ్మల్ని ఇంటికి పిలిచి, యంత్రాలంటే భయం పుట్టించే సినిమాలు పాతవాటి నుంచి వరసగా చూపించేవాడు. మొదట ఇనుప మనుషులు, తర్వాత మాట వినని కంప్యూటర్లు, ఆపైన మనుషుల మీద నిఘా వేసే కెమెరాలు. మధ్యలో ఆపి, "ఇది ఇప్పుడు నిజంగా ఉండాదా అప్పా?" అని అడిగేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఒక కొత్త సినిమాలో యంత్రం ఉద్యోగుల ముఖాలు చూసి, ఎవరిని తీసెయ్యాలో చెప్పింది. ఆయన ఆపాడు. ఈసారి అడగలేదు.

"ఇట్లాంటిది మన ఆఫీసుకు నేనే చేసిచ్చినానప్పా," అన్నాడు.

కిందటి నెల ఉద్యోగం పోయిన అమ్మాయి మా మధ్యే కూర్చుని ఉంది.

"నన్ను తీసేసింది అదేనా అన్నా?"

ఆయన తలూపాడు. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాం. వెళ్లలేదు.

"సినిమా పెట్టన్నా," అంది. "దాన్ని చేసినోడు చివరికి ఏమైతాడో చూడాల."