ముల్లంగి రాసిన నా థీసిస్

జర్మనీలోని ఆకెన్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు నా థీసిస్‌ను నేనే గంగలో ఎలా కలిపానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. నా వంతు ఏడుపు అప్పుడే అయిపోయింది.

మొక్కల్లోని ఒక ఎంజైము రంగులేని ద్రావణాన్ని నీలంగా మారుస్తుంది. ఆ పనిని నానో ఇనుప పొడితో చేయించడం నా పరిశోధన. ఆరు నెలలైనా నా పొడి చలించలేదు. ఈసారీ నీలం రాకపోతే థీసిస్ లేదు, ప్రొఫెసర్ గారు ఆశపెట్టిన పీహెచ్‌డీ అంతకన్నా లేదు.

ఆ ఆదివారం నా రూమ్మేట్, వరంగల్ స్వప్న, టర్కీ షాపులో కొన్న ముల్లంగి ముందేసుకుని కూర్చుంది.

"పచ్చడి చేద్దామే. కానీ ఇయ్యాల రూహెట్సైట్, ఇంట్ల చప్పుడు చెయ్యొద్దు. మిక్సీ పెడితే కిందామె వచ్చి మొత్తుకుంటది. నీ ల్యాబ్‌ల రోలు లేదా?"

ఉంది! పింగాణీది, కొత్తది, ఇంకా పెట్టెలోనే ఉంది. సైకిలేసుకుని వెళ్లి తెచ్చాను. వేయించిన మిరపకాయలతో పచ్చి ముల్లంగి దంచాం. సబ్బు పెడితే ల్యాబ్ సామాను పాడవుతుందని (నా తెలివి చూడండి!) ఉత్త నీళ్లతో కడిగాను.

సోమవారం అదే రోట్లో నా పొడి నూరి ద్రావణంలో వేశాను. రెప్పపాటులో నీలం! నేను వేసిన కేకకు ల్యాబంతా పరుగెత్తుకొచ్చింది.

ప్రొఫెసర్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. "బాగుంది. నిజం ఎంజైమైతే మరిగిస్తే చచ్చిపోతుంది. నీ పొడికి ఏమీ కాకూడదు. మరిగించి చూపించు."

"అరగంట మరిగించినా చెక్కుచెదరదు, ఫ్రావ్ ప్రొఫెసర్!" అని మేడమ్‌కి హామీ ఇచ్చాను.

పొడిని మరిగించి కొత్త ద్రావణంలో వేశాను. అందరూ చూస్తున్నారు. ద్రావణం మంచినీళ్లలా ఉండిపోయింది.

"దీన్ని ఎందులో నూరావు?"

"కొత్త రోట్లో."

"అంతకుముందు అందులో ఏం నూరావు?"

ఏమీ లేదనేస్తే సరిపోయేది. కానీ ఆమె ముఖం చూశాక అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ముల్లంగి."

ఆ ఎంజైము ముల్లంగిలో దండిగా ఉంటుందని నా థీసిస్ మొదటి పేజీలో రాసింది నేనే!

ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. "నువ్వు దాచి ఉంటే నెలల తరబడి అందరం దీని వెంటే పడేవాళ్లం. గడువు పెంచుతాను, మళ్లీ చెయ్యి. ఆ రోలు మాత్రం నువ్వే ఉంచుకో."

ఇంటికెళ్లగానే స్వప్న ఎదురొచ్చింది. "ఏమైందే, పనిచేసిందా?"

"చేసింది. నీ ముల్లంగి."

"అంటే నా పచ్చడి ఫస్ట్ క్లాసే గదా!"

రెండు నెలలకు నా పొడి సొంతంగా నీలం తెచ్చింది. లేత నీలమే, కానీ మరిగించినా పోలేదు. ఆ రోజు మళ్లీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ప్రకృతికి నకలు తయారుచేసే చోటికి అసలును ఇంకెన్నడూ మోసుకెళ్లను.