ఒంటరి ఎలుక లెక్కలోకి రాదు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, తిరువూరులో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ ప్రొఫెసర్‌గా చేరాను. మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చెప్పే సబ్జెక్టు అది. బస్టాండు వెనక మేడమీద గది తీసుకున్నాను. కాలేజీ వదిలాక నాతో మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు. అలవాటైపోయిందని అందరికీ చెప్పేదాన్ని గానీ, కాలేదు.

ఆ ఏడాది ఎం.ఫార్మసీ విద్యార్థిని నస్రీన్, డిప్రెషన్‌కు వాడే మందు నొప్పిని కూడా తగ్గిస్తుందా అన్న ప్రాజెక్టు ఎంచుకుంది. కారణం ఇంట్లోనే ఉంది. షుగరు వల్ల వాళ్ల నాన్న కరీం గారి అరికాళ్లు మండేవి. డాక్టరు ఆ మందే తక్కువ మోతాదులో రాశారు. అది డిప్రెషన్‌కు వాడే మందని ఎవరో చెప్పగానే ఆయన మానేశారు. బ్రేకు తొక్కలేక, గంపలగూడెం రూట్లో తిప్పే ఆటోను ఇంటి ముందే పెట్టేశారు. ఆ ఇంటికి అదే ఆధారం.

ఎథిక్స్ కమిటీ అనుమతితో, మందిచ్చిన ఎలుకను వేడి పలక మీద ఉంచుతాం. ఎంతసేపటికి పాదం నాక్కుంటుందో చూస్తాం. నాక్కోకపోయినా, కాలకముందే తీసేస్తాం. మత్తులో ఊరుకుందేమోనని, తిరిగే కడ్డీ మీద నిలబడగలదో లేదో విడిగా పరీక్షిస్తాం. నస్రీన్ ఎలుకలు కడ్డీ మీద చక్కగా నిలబడ్డాయి. పలక మీద మాత్రం, మందివ్వని వాటికన్నా ఆలస్యంగా నాక్కున్నాయి; అంటే నొప్పి తగ్గినట్టే.

ఆ సంగతి చెబుదామని వాళ్లింటికి వెళ్లాను.

"నాకేమన్నా పిచ్చా మేడమ్?" అన్నారు కరీం గారు.

ఎలుకకు పిచ్చీ లేదు, దిగులూ లేదు, అయినా నొప్పి తగ్గిందన్నాను. ఎలుకలో పనిచేస్తే మనిషిలో చేస్తుందని కాదనీ, డాక్టరు రాసింది మాత్రం మనుషుల్లో పరీక్షించి చూసిన మందేననీ చెప్పాను.

"దానికి దిగుల్లేదని మీకెట్లా తెలుసండీ?"

కచ్చితంగా తెలియదని ఒప్పుకున్నాను. అందుకే గుంపుగా పెంచుతామనీ, ఒంటరిగా ఉంచితే నొప్పి తెలిసే తీరే మారుతుందనీ, ఆ ఫలితాన్ని నమ్మలేమనీ వివరించాను.

నేను ఒక్కదాన్నే ఉంటానని నస్రీన్ ఇంట్లో చెప్పినట్టుంది. "ఎలుకనే ఒక్కదాన్ని ఉంచరు గదా, మరి మీరొక్కరే ఎట్లా ఉంటన్నారు మేడమ్?"

నస్రీన్ తండ్రిని కసిరింది. ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఆయన మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. కొన్ని వారాలకు, మంట పూర్తిగా పోకపోయినా, ఆటో రోడ్డెక్కింది.

నొప్పి గురించి అడిగేటప్పుడు, ఇంట్లో తోడెవరున్నారో కూడా అడగమని తర్వాత ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నన్ను అడిగింది మాత్రం కరీం గారొక్కరే.