పంజాగుట్ట తారు మీది గీత

రెండు బళ్లు గుద్దుకుంటే పెద్ద బండివాడిదే తప్పని మీకెవరు చెప్పారు? మీరు చూశారా, పక్కవాడు అన్నాడా?

మెట్రో రైలు కొత్తగా తిరుగుతున్న ఏడాది, బోనాల ముందు, నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నగరానికి వేశారు. ప్రమాదానికి గురైన బళ్ల బ్రేకులు, స్టీరింగు పరీక్షించి పోలీసులకు నివేదిక ఇవ్వడం మా పని. ఒక ఉదయం అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు వచ్చే రోడ్డు మీద, పక్క సందులోంచి అడ్డంగా వచ్చిన ఖాళీ నీళ్ల ట్యాంకరు పక్కభాగంలోకి ఒక కారు దూసుకుపోయి ఇరుక్కుంది. కారు నడిపినతని చెయ్యి విరిగింది. ట్యాంకరు డ్రైవరు యాదగిరి మీద కేసు పడింది, లైసెన్సు ఆగింది.

"పబ్లిక్ మొత్తం ట్యాంకరే ఉరికొచ్చిందంటున్నరు సార్," అన్నాడు ఎస్.ఐ.

నేను వెళ్లేసరికి క్రేను బళ్లను విడదీసి తీసుకుపోయింది. దుకాణాలవాళ్లు దిష్టి తీసి, గుమ్మడికాయ పగలగొట్టి, పసుపునీళ్లతో రోడ్డు కడిగేశారు. ఎవరి దిష్టి? సాక్ష్యాన్ని కడిగేయడానికి అంత భక్తి దేనికి? అయితే కారు కింది ఇనుము తారును చీల్చిన గీత నీళ్లకు పోదు.

గుద్దుకుని అతుక్కుపోయిన బళ్లలో శక్తి చాలావరకు రేకు నలగడానికి, వేడికి, చప్పుడుకు ఖర్చవుతుంది. ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, రెండు బళ్లదీ కలిపి చూస్తే, దిక్కుతో సహా ఆ క్షణంలో ఎక్కడికీ పోదు. ట్యాంకరు కారుకు మూడింతల బరువు. అది నిజంగా ఉరికొస్తే రెండూ కలిసి ఎదుటి దుకాణాల వైపు పోవాలి. గీత మాత్రం పంజాగుట్ట వైపు, దాదాపు కారు వస్తున్న దారినే సాగింది. ట్యాంకరు పాకుతూ వచ్చింది. ఉరికొచ్చింది కారు! బ్రేకుల సంగతి రాస్తే చాలన్నారు పోలీసులు. నేను గీత పటం కూడా జతచేశాను.

కేసు తేలేదాకా యాదగిరి రోజూ పోలీసు స్టేషను వెనక నిలిపిన తన ట్యాంకరును ఆనుకుని నిలబడేవాడు.

"ఇంటికి పోరాదే యాదన్నా! నీ ట్యాంకర్‌ను ఎవరెత్కపోతరు?" అని కానిస్టేబులు ఎగతాళి.

"నిద్రల సుత గేరు మారుస్తున్ననే భాయ్. చేతులు ఊకుంటలేవు."

పటం పట్టుకుని ఎస్.ఐ. మళ్లీ విచారించాడు. సాక్షులంతా చప్పుడు విని తిరిగి చూసినవాళ్లే. యాదగిరి మీద కేసు ఎత్తేశారు. అతను క్యాబిన్ ఎక్కి, తాళం తిప్పకుండా, చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేకపోయినా నా చేతులూ ఊరుకోవు. పంజాగుట్టలో మెట్రో దిగితే కళ్లు తారు మీదికే పోతాయి. జేబు తడుముకుంటాను, కొలతల టేపు ఉండదు.

ఆ ఉద్యోగం నేర్పింది ఇదీ: గుంపు నోరు సాక్ష్యం కాదు. రేపు మీ ముందు బళ్లు గుద్దుకుంటే గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చండి. తర్వాత గీతలను ఫోటో తీయండి. ఆ పసుపునీళ్ల బకెట్టు కింద పెట్టండి.