దేవుడి పిడికెడు

మా హనుమాన్ జంక్షన్ వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఎసట్లోకి బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తాం. అది దేవుడి వంతు. ఆదివారం చర్చికి పట్టుకెళ్ళి బస్తాలో కుమ్మరిస్తే, మా పాస్టరు అయ్యగారి ఇల్లు గడిచేది ఆ బియ్యంతోనే. అన్ని ఇళ్ళ బియ్యమూ కలవడంతో ఆయన కంచంలో ఒక మెతుకు ఉడికితే ఇంకో మెతుకు ఉడికేది కాదని మేం నవ్వుకునేవాళ్ళం.

మా అమ్మాయికి కిడ్నీలు పాడై బెజవాడ గవర్నర్‌పేటలో ఆసుపత్రికి తిప్పుతున్న రోజుల్లో కూడా నేను ఆ పిడికెడు మానలేదు. అయ్యగారు బస్సులో వచ్చి, డయాలసిస్ గది బయట నేల మీద చతికిలబడి, నర్సులు కసిరినా లేవకుండా ప్రార్థన చేసేవారు. అయినా పిల్ల దక్కలేదు.

సమాధి చేసొచ్చిన మర్నాడే డబ్బా బోర్లించాను. అసలే నాకు నోరెక్కువ. పిడికెడు పెడుతుంటే నా ఇల్లంతా ఊడ్చుకుపోయినవాడికి ఇంకేం పెట్టాలని పరామర్శకొచ్చిన వాళ్ళందరినీ అడిగాను. చర్చికి వెళ్ళడం మానేశాను.

ఆ వారంలోనే అయ్యగారు చేతిసంచితో గుమ్మంలోకి వచ్చారు. బియ్యం లేవని ముఖం మీదే చెప్పేశాను. ఆయన సంచి నా ముందు పెట్టారు. సన్నవీ, లావువీ, నూకలూ కలిసిన బియ్యం. ఆయన వండుకోవాల్సినవి.

నాకు ఒళ్ళు మండింది. “అన్ని ప్రార్థనలు చేశారు కదండీ, ఏమన్నాడు మీ దేవుడు?”

“ఏమీ అన్లేదమ్మా. మా ఆవిడ పోయిన కాణ్ణించీ నాతోనూ ఏమీ అనట్లేదు.”

ఆవిడని పూడ్చిన వారమే ఆయన నిలబడి ప్రసంగం చెప్పడం నేను చూశాను. మరి రోజూ తెల్లారగట్ల ప్రార్థనకి ఆ చర్చి గంటెందుకు కొడుతున్నారని అడిగాను.

“ఆయన పలకట్లేదని నేను పిలవడం మానేస్తానా అమ్మా?”

ఇంకేమీ బోధించలేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆ బియ్యమే వండాను. వండే ముందు ఒక పిడికెడు తీశాను.

కిందటి వానాకాలంలో అయ్యగారూ పోయారు. ఇప్పుడు బెజవాడ నుంచి ఒక కుర్ర పాస్టరుగారు ఆదివారాలు బైకు మీద వచ్చి వెళ్తున్నారు. మంచివాడే. బియ్యం మోసుకెళ్ళడం కుదరదండీ అన్నారు. ఊళ్ళో ఆ డబ్బాల్లో ఇప్పుడు కందిపప్పు పోసుకుంటున్నారు.

నేను మాత్రం తీస్తూనే ఉన్నాను. మొన్న చూస్తే పురుగు పట్టింది. వండుకుని తినెయ్యవే అంటారు మావారు. దేవుడి వంతు తినడానికి నాకు చెయ్యి రాదు. చేటలో పోసి, పురుగులు ఏరి, ఎండబెట్టి, మళ్ళీ డబ్బాలోకే ఎత్తాను.

రోజూ పిలుస్తూనే ఉన్నాను అయ్యగారూ. ఒక్క పూటా మానలేదు. నాకూ ఏమీ వినపడట్లేదు.