సావుకారు ఉలులకు పట్టిన పదును

రాజాం పక్కన మూడెకరాల వరి పండించుకునే జగన్నాధానికి ఎడమ ముంజేతి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ఉలికి సాన పట్టినప్పుడల్లా ఆ చేతి మీదే గీసి చూసుకునేవాడు. వెంట్రుకలు రాలితే ఉలి ఇచ్చేసేవాడు, రాలకపోతే మళ్ళీ నూనె వేసి రాయి మీదికే. ఊళ్ళో సరదాకి చెక్క మీద బొమ్మలు చెక్కేవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. బడిపంతులు కూర్మయ్య, బట్టల సావుకారు సీతారామారావు వాళ్ళలో వాళ్ళే. అందరి ఉలులూ జగన్నాధం అరుగు మీదే పదునెక్కేవి. తోటివాళ్ళ పని కదా అని చేసిపెట్టేవాడు.

అతనూ చెక్కేవాడు. అందరికంటే బాగా చెక్కేవాడు, అదే వచ్చిన చిక్కు.

అరవై ఏడులో ఎనిమిది నెలలు కూర్చుని పనస చెక్క మీద పురి విప్పిన నెమలిని తీశాడు. విజయనగరంలో ప్రదర్శన పెట్టే నాటికి నాట్ల రోజులు, కదలడానికి లేదు. సీతారామారావు తానే పట్టుకెళ్ళి పెడతానన్నాడు. పెట్టాడు మహానుభావుడు, తన పేరుతో! వెండి కప్పు తెచ్చి కొట్లో గల్లాపెట్టె పక్కన నిలబెట్టుకున్నాడు. జగన్నాధం వెళ్ళి అడిగితే నవ్వాడు.

"చెక్క నేనిచ్చిందే కదరా. నీ పేరు సెప్తే ఆళ్ళు కప్పు ఇస్తారేటి?"

ఏడాది గడిచినా జగన్నాధం ఆ నవ్వు మరిచిపోలేదు.

మరుసటి ఏడు ప్రదర్శనవాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. న్యాయనిర్ణేతల ఎదుటే చెక్కి చూపాలట. కప్పు గెలిచినవాడు రాకపోతే ఏం బాగుంటుందని సీతారామారావుకి ప్రత్యేకంగా కబురొచ్చింది. ఆ పెద్దమనిషి సిగ్గూ శరమూ లేకుండా ఆరు ఉలులు పట్టుకుని జగన్నాధం అరుగెక్కాడు. జగన్నాధం తీసుకున్నాడు.

"మొండిగా సేసి ఇచ్చీ మావా! కుక్క కాటుకి సెప్పు దెబ్బ" అంది పెళ్ళాం దాలమ్మ.

అతనికీ అదే బుద్ధి పుట్టింది. నీళ్ళు పొయ్యకుండా తిరుగుడు సాన మీద ఒరిపిడి పెడితే ఉక్కు కాలి మెత్తబడిపోతుంది. రెండు దెబ్బలకే అంచు వంగుతుంది. మొదటి ఉలి సానకి ఆనించబోయి చెయ్యి ఆపేశాడు.

"ఒద్దే. ఆడలేక మద్దెల ఓడంటాడు. ఆడికి ఆ మాట కూడా మిగలకూడదు."

రెండు రోజులు పొలం మొహం చూడలేదు. ఆరు ఉలులనీ నూనె రాయి మీద నూరి, తోలు మీద లాగి, తన జన్మలో ఎన్నడూ పట్టనంత పదును పట్టాడు. అంత ప్రేమగా తన ఉలులకైనా పట్టుకోలేదు. పగ ఎంత ఓపికైనా నేర్పుతుంది. తర్వాత నాట్లు దాలమ్మ మీద వదిలేసి, కూర్మయ్య పంతులితో బస్సెక్కాడు.

విజయనగరంలో పందిరి కిక్కిరిసి ఉంది. సీతారామారావు కొత్త పంచె సర్దుకుని, ప్రదర్శనవాళ్ళు నెమలి ఆకారం మటుకు కోసి ఇచ్చిన చెక్క ముందు కూర్చుని సుత్తి ఎత్తాడు. రెండో దెబ్బకి ఉలి వెన్నలోకి దిగినట్టు దిగి, నెమలి మెడ కాస్తా ఊడిపడింది. జనం గొల్లుమన్నారు.

"ఉలులు బాగాలేవండి. సాన పట్టినోడు పాడుసేసినాడు" అన్నాడు సావుకారు చెమట తుడుచుకుంటూ.

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన ఒక్కొక్క ఉలీ తీసి ముంజేతి మీద గీసి చూశాడు. ఆరింటికీ వెంట్రుకలు రాలాయి.

"ఇంత పదును నేనెక్కడా చూడలేదు. ఎవరయ్యా పట్టింది?"

జగన్నాధం జనంలోంచి ముందుకొచ్చాడు.

"నేనేనండి. నిరుటి నెమలి సెక్కింది కూడా నేనే. నమ్మకపోతే ఆయన్ని ఒక్క ఈక సెక్కమనండి. ఉలులు బాగున్నాయని తమరే సెప్పినారు గదా."

కూర్మయ్య పంతులు "నిజమేనండి, నా కళ్ళారా చూశాను" అని అరిచాడు. పెద్దాయన ఉలిని సీతారామారావు చేతికిచ్చాడు. పందిరంతా ఆ చెయ్యి వంకే చూస్తోంది. సావుకారు జగన్నాధం వైపు చూశాడు. ఒక్క మాట సాయం వెయ్యరా అన్నట్టున్నాయి కళ్ళు. జగన్నాధానికి రవంత జాలి కూడా కలగలేదు. ఏడాదిగా ఈ చూపు కోసమే బతికాడు. సావుకారుకి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"సెక్కండి సావుకారూ," అన్నాడు. "పొద్దు సానా ఉన్నాది."