గంట మోగని గది

“‘చనిపోయారు’ అనే అనాలమ్మాయ్. ‘ఇక లేరు’ అంటే మార్కులు పోయినట్టే. ఒకడు అలాగే నసిగాడు, ‘మీవారు ఇక లేరండీ’ అని. నాకు రాసిచ్చినట్టే నేను ‘ఎక్కడికెళ్ళారు?’ అన్నాను. పాపం, నిజంగానే ఎవరో బయటికెళ్ళినట్టు తలుపు వైపు చూశాడు.”

పిన్ని నవ్వలేదు. ఇదివరకు ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా ముందు తనే నవ్వేది, వినేవాళ్ళ వంతు రానిచ్చేది కాదు.

వరసకి ఆవిడ నాకేమీ కాదు. అత్యవసర విభాగంలో పనిచేయబోయే డాక్టర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో నేను కెమెరాలు చూస్తాను. అక్కడ అందరికీ ఆవిడ పిన్నే. మొదట అక్కడి శిక్షణ గదికి తెరలు కుట్టడానికి వచ్చింది. రోగి భార్య వేషం వెయ్యాల్సిన నటి ఆ రోజు రాలేదు. పరిశోధన చేస్తున్న పెద్ద డాక్టరమ్మ, కొలత టేపు మెడలో వేసుకుని నిచ్చెన దిగుతున్న ఈవిడని పట్టుకుని, “కాసేపు కూర్చుంటారా?” అంది. ఆ కాసేపు ఏళ్ళయింది.

డాక్టరమ్మ తేల్చాలనుకున్నది ఒకటే. చావు కబురు చెప్పడం పాఠం విని నేర్చుకున్నవాళ్ళు బాగా చెబుతారా, మనిషి ఎదుట కూర్చుని చెప్పి చెప్పి నేర్చుకున్నవాళ్ళా? ఎవరు ఏ జట్టో పిన్నికి చెప్పరు. ఎవరొచ్చినా ఆవిడ ఒకేలా ఉండాలి. ఒకరి దగ్గర ఎక్కువ కదిలిపోయి ఇంకొకరి దగ్గర తక్కువ కదిలితే పోలిక చెడిపోతుంది. అందుకని కబురు వినగానే హ్యాండ్‌బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటుంది. కాసేపు నేల చూస్తుంది. “ఆయనకి నొప్పి తెలిసిందా?” అని అడుగుతుంది. డాక్టరు “స్పృహలో లేరమ్మా, తెలిసి ఉండదు” అనాలి. ఆ కల్పించిన కేసుకి అదే సరైన జవాబు. అప్పుడు నేను గంట కొడతాను. పిన్ని పట్టీ వదిలేసి “బాగా చెప్పావు నాయనా” అనో, “అంత తొందరేంటి, రైలు పోతోందా?” అనో అంటుంది. కుర్చీలు మళ్ళీ మొదటి చోటికి జరుపుతాం.

డాక్టరమ్మ ఆవిడకి ‘కొలబద్ద’ అని పేరు పెట్టింది. పిన్నికి ఆ పేరంటే గర్వం. “టేపు మెడలోంచి ఒంట్లోకి దిగింది” అనేది.

పోయిన నెల బాబాయి పోయాడు. స్కూలు వ్యాను నడిపే మనిషి, పిల్లల్ని దించేసి వచ్చి వ్యాను కడుగుతూ పడిపోయాడు. మా పక్క భవనంలోని అత్యవసర విభాగానికే తెచ్చారు. పిన్నినీ కూతురినీ ఓ చిన్న గదిలో కూర్చోబెట్టారు. కాసేపటికి లోపలికొచ్చిన కుర్ర డాక్టరు పిన్ని ఎదుట కూర్చుని నేర్చుకున్నవాడే.

“నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు,” అంది పిన్ని, వాళ్ళింట్లో కుట్టు మిషను సూదిలోకి దారం ఎక్కిస్తూ. “తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ‘మీవారు చనిపోయారమ్మా’ అన్నాడు. తడబడలేదు. నా వేలు దానంతటదే పట్టీ చుట్టుకుంది. నేల చూశాను. అడగాల్సింది అడిగాను. వాడు చెప్పాల్సింది చెప్పాడు. ఇక గంట కోసం కూర్చున్నాను.”

“గంటా?”

“మరి? ఎంతసేపటికీ నువ్వు కొట్టవే! సరేనని నేనే అనేశాను, ‘బాగా చెప్పావు నాయనా, ఈసారి తొందరపడలేదు’ అని. వాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. పిల్ల నా వంక చూసింది. ఆ చూపు ఇంకా దించలేదు.”

ఆ రోజు నుంచి పిన్ని ఏడవలేదు. ఎవరివో కర్టెన్లు ముందేసుకుని కూర్చుంటుంది. అంచు కుడుతుంది, వంకర లేకపోయినా విప్పుతుంది, మళ్ళీ కుడుతుంది. బాబాయి వ్యాను తాళాలు మేకుకే వేలాడుతున్నాయి. కూతురు అన్నం పెడుతుంది, బీపీ మాత్ర అందిస్తుంది. అమ్మా అని మాత్రం పిలవదు.

నేను వచ్చిన పని చెప్పాను. “సోమవారం కొత్తవాళ్ళు వస్తున్నారు పిన్నీ. మధ్యలో మనిషి మారితే ఇన్నాళ్ళ పనీ పోతుందట. డాక్టరమ్మ మిమ్మల్ని అడిగి రమ్మంది.”

“వస్తాలే. నాకేం, కూర్చోవడమేగా.”

కూతురు టీ గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు.

“అమ్మా.”

మిషను ఆగింది.

“నాన్నకి నొప్పి తెలిసి ఉండదన్నాడు కదా. అది చూసి చెప్పాడా? మీ దగ్గర నేర్చుకున్నదే అప్పజెప్పాడా?”

పిన్ని వేలు పట్టీ కోసం వెతికింది. ఒళ్ళో కర్టెను గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు.

“తెలీదే,” అంది. “అడిగానే గానీ విన్లేదు. ఏమంటాడో నాకు ముందే తెలుసుగా.”

కూతురు స్టూలు జరుపుకుని తల్లి పక్కన కూర్చుంది. అంచు జారిపోకుండా గుడ్డ రెండో కొస పట్టుకుంది.

“నువ్వు టీ తాగి బయల్దేరమ్మాయ్,” అంది పిన్ని. “సోమవారం సంగతి తర్వాత. ముందు ఆ కుర్రాణ్ణి పట్టుకో. డ్యూటీ దిగాక ఒకసారి ఇంటికి రమ్మను. నేర్చుకున్నది వద్దు, ఆ రోజు మంచం పక్కన ఏం చూశాడో అది చెప్పమను. తెలీకపోతే తెలీదనమను. ఈసారి వింటాను.”

నేను చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి మళ్ళీ పిలిచింది.

“ఇదిగో, మార్కులెయ్యనని కూడా చెప్పు. లేకపోతే భయపడి రాడు.”