మేక పడుకున్న ఇల్లు

నా చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరుసగా నిలబెడితే, అన్నిటికంటే ముందు ఒక మేక నిలబడుతుంది. పాపం, తప్పు మేకది కాదు. దాన్ని నమ్ముకున్నవాడిది.

విడపనకల్లు పక్కన మా పల్లెలో వానలు మొహం చాటేయడంతో మా నాయన సేద్యం వదిలి గుంతకల్లులో రైల్వే పనిలో చేరాడు. ఒక ఆదివారం ఎద్దులబండిలో సామాను వేసుకుని రైల్వే కాలనీకి వచ్చాం. వీధికి అటొక వరుస, ఇటొక వరుస ఇళ్ళు. ఇటుకల్ని అచ్చులో పోస్తారని తెలుసు గానీ, ఇళ్ళను కూడా పోస్తారని ఆ రోజే తెలిసింది. అవే పెంకులు, అదే పసుపు సున్నం, అవే ఎర్ర తలుపులు. అక్కడివాళ్ళంతా ఏళ్ళ తరబడి కలిసి ఉన్నవాళ్ళు. ఒక ఇంట్లో తిరగమోత వేస్తే ఏం కూరో నాలుగిళ్ళ అవతల చెప్పగలిగేవాళ్ళు. కొత్తవాళ్ళం మేమొక్కరమే. తలుపుల మీద నంబర్లుండేవి గానీ, అంకెలతో నాకింకా చుట్టరికం కలవలేదు.

అందుకని మర్నాడు పొద్దున బడికి పోతూ ఒక గుర్తు పెట్టుకున్నాను. మా అరుగు ముందు ఒక నల్లమేక నెమరు వేస్తూ పడుకుని ఉంది. మేక ఉన్నది మా ఇల్లు. ఇంత సులువైన ఉపాయం పెద్దవాళ్ళకెందుకు తట్టలేదా అనుకున్నాను. గుర్తుకు నాలుగు కాళ్ళున్నాయని నాకు తట్టలేదు.

సాయంత్రం తాను వచ్చేదాకా బడి దగ్గరే ఉండమంది అమ్మ. మేక ఉండగా అమ్మెందుకని, పిల్లల వెంట అడ్డదారిన వచ్చేశాను. మేక ఉంది. దాన్ని దాటుకుని "అమ్మా, ఆకలి" అంటూ లోపలికి పోయాను.

లోపల మా ట్రంకుపెట్టె లేదు. మా నాయన కంబళి లేదు. ఎవరిదో పెద్ద మంచం ఉంది. నిన్న ఒక ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు ఈ రోజు ఇంకోటి ఖాళీ చేయరని ఏముంది? నన్ను బడిలో మరిచిపోయి మావాళ్ళు బండెక్కేశారని తేల్చుకున్నాను.

వంటింట్లోంచి ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లోకోషెడ్డులో పనిచేసే సాయబు గారి భార్య. ఆ తర్వాత నా నోట మేక అత్త అయిపోయింది.

"ఏమప్పా, ఎందుకట్ల వణుకుతాండావు?"

"మావాళ్ళు ఖాళీ చేసి పోయినారు" అని ఏడ్చాను.

ఆమె నవ్వలేదు. మా అమ్మ బడి వైపు పోవడం అప్పుడే చూసిందట. పెద్దకూతురి చెవిలో ఏదో చెప్పి ఆ దారిన పరిగెత్తించింది. నా ముందు జొన్నరొట్టె, వేరుశనగల ఊరిబిండి పెట్టింది. "ముందు తిను బేటా. ఖాళీ కడుపుతో యాడని ఎతుకుతావు?"

తింటూ తింటూ మేక సంగతి చెప్పాను. అప్పుడు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పా, మీ ఇల్లు యాడుండాదో అడుగుదాం" అని లేచింది.

వాళ్ళ వరుస చివరిదాకా పోయి, ఎదురు వరుసలో వెనక్కు తిరిగాం. ప్రతి తలుపు దగ్గరా ఒకటే ప్రశ్న: "ఈ పిల్లోడు మీవాడా?" ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "మావాడైతే ఇంత సన్నగా ఉంటాడా?" అని గుప్పెడు బొరుగులు జేబులో పోసింది. ఇంకొకావిడ బెల్లంముక్క పెట్టింది. ఒక ముసలాయన మా పల్లె పేరు, నాయన పేరు, మా ఎద్దుల పేర్లు కూడా అడిగి గానీ వదల్లేదు. జేబు నిండేకొద్దీ భయం ఖాళీ అయింది. చివరి ఇళ్ళకు వచ్చేసరికి తలుపులు నేనే తట్టసాగాను.

అలా తట్టిన ఒక తలుపు మా అమ్మ తీసింది. బడి దారిలో కబురు విని పరిగెత్తుకొచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పిల్లోడు మీవాడా, వదినా?" అంది అత్త, మొహంలో నవ్వు కనిపించనీయకుండా.

అమ్మ నన్ను పొట్టకు అదుముకుంది. ఆ తర్వాత వీపు మీద ఒకటి వేసింది. ఆ రెంటిలో ఏది ఎక్కువ హాయిగా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

వెనక్కి తిరిగి చూస్తే అత్త ఇల్లు మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. "మేకకు నీడ యాడుంటే ఆడే ఇల్లు బేటా. పొద్దున మీ దిక్కు, మాపటికి మా దిక్కు" అంది. మా ఇల్లు ఎక్కడో ఆమెకు మొదటినుంచీ తెలుసని, ఆ సాయంత్రం ఆమె వెతికింది ఇల్లు కాదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఉద్యోగంలో ఎన్ని ఊళ్ళు మారినా, సామాను దించగానే ముందు వీధిలో నాలుగు తలుపులు తట్టి వస్తాను. ఇల్లు నాకు తెలిస్తే చాలదు, నేను వీధికి తెలియాలి.

తెలియడం వల్ల నష్టం కూడా ఉంది. ఆ రోజు నుంచి వీధంతా నన్ను మేకోడు అనేది. ఆ పేరు పెట్టింది అత్తే. మీసాలు మొలిచినా పేరు పోలేదు.

ఆ మీసాల కాలంలోనే అత్త పెద్దకూతురికి కొత్తచెరువు సంబంధం కుదిరింది. పెళ్ళి అక్కడే జరగడంతో అల్లుడు మా వీధి చూడలేదు. మొదటిసారి అత్తవారింటికి వస్తూ, పొద్దుటి బండి దిగి, మిఠాయి పొట్లంతో వీధి మొదట్లో ఇల్లెక్కడని నన్నే అడిగాడు. మేక మారింది, ఇది దాని మనవరాలు. నీడ మాత్రం మారలేదు.

"ఆ మేక పండుకున్న ఇల్లేనన్నా" అన్నాను.

మా అమ్మకు ఆ వీధి అలవాటు ఎప్పుడో అబ్బింది. మా గడప దాటి వచ్చినవాణ్ణి ఎవరని అడగకుండా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. రెండో గ్లాసు సగంలో ఉండగా అత్త వీధి దాటి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మేకోడా, మా అల్లునికే దొంగ దావ చెప్తావా?"

"దొంగ దావ కాదత్తా. మేకనడుగు."

అమ్మ నన్ను చూసింది, అల్లుణ్ణి చూసింది. మజ్జిగ చెంబు కింద పెట్టి, మొహంలో నవ్వు కనిపించనీయకుండా అడిగింది.

"ఈ పిల్లోడు మీవాడా, వదినా?"